పొలంలో లంకెబిందె దొరికితే ఎవరి వాటా ఎంత?

మామయ్య పొలంలో మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతాం, దొరికితే చెరి సగం అనుకుంటే చెల్లుతుందా అని కదా మీ ప్రశ్న. చెల్లుతుంది, కాకపోతే తవ్వకముందే కాగితం మీద రాసుకోండి, బంగారం కనిపించాక ఎవరి లెక్క వాళ్లదే.

1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించి విలువున్నది (అప్పట్లో పది అంటే మాటలా!) భూమిలో దొరికితే కలెక్టర్‌కు రాసి తెలపాలి. విచారణలో అసలు సొంతదారు ఎవరూ లేరని తేలాక మీ మధ్య ఒప్పందం ఉంటే దాని ప్రకారమే పంచుతారు. లేకపోతే ముప్పావు దొరికినవాళ్లకి, పావు పొలం యజమానికి. అంటే ఏమీ మాట్లాడుకోకపోతే నష్టం మామయ్యకే, చెరి సగం ఆయనకే లాభం.

ఇంకోటి, ప్రభుత్వం కావాలనుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి డబ్బిచ్చి వస్తువులు తీసుకోవచ్చు, అందుకే "బిందె నీకు, కాసులు నాకు" అని కాకుండా వంతుల్లో రాసుకోండి. కూలీలను పెడితే వాళ్ల సంగతీ అందులోనే తేల్చండి, గడ్డపార తగిలేది వాళ్ల చేతుల్లోనే కదా. చెప్పకుండా దాచారో, వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు.