సంఘాన్ని ఎదిగించడం పాస్టర్ ఒక్కరి పనేనా?

కాదు, అది విశ్వాసులందరి పని. వాళ్లను అందుకు సిద్ధపరచడమే కాపరి బాధ్యత అని బైబిల్లోని ఎఫెసీ పత్రిక (ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరం) 4వ అధ్యాయం చెబుతుంది. అంతా ఒక్కరే మోస్తే వాక్య బోధో, జనం అవసరాలో ఏదో ఒకటి వెనకబడిపోతుంది.

యెరూషలేములోని తొలి సంఘంలో అదే జరగబోయింది. రోజువారీ భోజనం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే యూదుల విధవరాళ్లను పట్టించుకోవట్లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు, అంటే సంఘాన్ని నడిపిస్తున్న యేసు ముఖ్య శిష్యులు, ఆ ఫిర్యాదును కొట్టిపారేయలేదు, అలాగని బోధ వదిలి వడ్డనకూ దిగలేదు. మంచిపేరున్న ఏడుగురిని ఎంచుకోమని సంఘానికే చెప్పారు. ఎంపికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే కావడం గమనించాలి; అంటే ఫిర్యాదు చేసిన వర్గానికే ఆ బాధ్యత అప్పగించినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత శిష్యుల సంఖ్య ఇంకా విస్తరించింది.

పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండుగ రోజున 3,000 మంది సంఘంలో చేరారు కాబట్టి జనం పెరిగితే చాలనుకుంటారు చాలామంది. కానీ అలా చేరినవాళ్లు బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో, ప్రార్థనలో ఎడతెగక ఉన్నారన్నది బైబిల్లో ఆ వెంటనే ఉన్న మాట.