టర్బో కారు ఐడ్లింగ్‌లో వణుకుతోందా? ముందు ఫ్యూయల్ ట్రిమ్ చూడండి

ప్రశ్న: నా దగ్గర 1.8 లీటర్ల పాత టర్బో పెట్రోల్ కారు ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ దాకా వణుకు వస్తోంది, హైవే మీద మాత్రం బాగానే లాగుతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లను ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్‌తో చూశాను, పీ0171 అని వచ్చింది. టర్బో పైపు జాయింటు దగ్గర ఆయిల్ తడి కూడా కనిపిస్తోంది. టర్బో మార్చాలని షెడ్డులో అంటున్నారు. మార్చక తప్పదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: టర్బో జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఐడ్లింగ్‌లో ఎగ్జాస్ట్ వాయువు తక్కువగా ఉంటుంది కాబట్టి టర్బో బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) దాదాపు ఇవ్వదు. అప్పుడు సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి 30–40 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటే, బయటి గాలి ఒత్తిడి సుమారు 101 ఉంటుంది. అందువల్ల మానిఫోల్డ్‌కు ఎక్కడ చిన్న చీలిక ఉన్నా బయటి గాలి లోపలికి దూరుతుంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్కలోకి రాని ఆ గాలి వల్ల పెట్రోల్ పాలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది. పీ0171 చెబుతున్నది ఈ పలచదనాన్నే తప్ప, ఫలానా పార్టు పాడైందని కాదు. కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్, ఇంజెక్టర్లు, చివరికి టర్బో మార్చేసి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు ఆ దారిన పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ చేతిలో ఉన్న అడాప్టర్ కోడ్ చదవడానికే కాదు, అంతకంటే విలువైన పనికి పనికొస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక యాప్‌లో లైవ్ డేటా తెరిచి షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ రెండూ పక్కపక్కన పెట్టుకోండి. మిశ్రమం సరిచేయడానికి కారు కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేదే ఫ్యూయల్ ట్రిమ్; షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు చేసే సర్దుబాటు, లాంగ్ టర్మ్ కొంతకాలంగా నేర్చుకున్నది. ఈ రెంటి మొత్తం సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఐడ్లింగ్‌లో ఆ మొత్తం ప్లస్ 20కి పైన ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకుంటే 5 దాకా దిగితే అది దాదాపుగా వ్యాక్యూమ్ లీకే, అంటే పైన చెప్పినట్టు బయటి గాలి లోపలికి దూరడమే. లీకు గుండా వచ్చే గాలి కొంతే కాబట్టి, ఇంజిన్ ఎక్కువ గాలి తీసుకుంటున్నప్పుడు దాని వాటా చిన్నదైపోతుంది. అలా కాకుండా లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద మురికి వంటివి చూడాలి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేకుండా మానిఫోల్డ్ ఒత్తిడితోనే గాలిని లెక్కగట్టే కార్లలో మాత్రం ఈ పరీక్ష ఇంత స్పష్టంగా తేలదు. వాటిలో లీకు ఉంటే ట్రిమ్ కంటే ముందు ఐడ్లింగ్ ఆర్‌పీఎం పెరగడమో, పైకీ కిందికీ ఊగడమో కనిపిస్తుంది.

లీకేనని తేలితే నేను మొదట అనుమానించేది పీసీవీ వాల్వును. క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ కింది భాగంలో) పుట్టే ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌కు పంపే ఈ వాల్వులో డయాఫ్రమ్ అనే పలుచని రబ్బరు పొర ఉంటుంది. వేడికి, ఆయిల్‌కు అది ఏళ్ల తరబడి గట్టిపడి చిరుగుతుంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూతను మెల్లగా విప్పి చూడండి. మూత గట్టిగా లోపలికి పీల్చుకుపోయి రానంటున్నా, అంతవరకు వినిపించిన సన్నని ఈల మూత తీయగానే ఆగిపోయినా, డయాఫ్రమ్ చిరిగిందనే అనుకోవచ్చు. పీల్చడానికి బదులు ఆవిరి బుసబుసమంటూ పైకి తన్నుకొస్తే పీసీవీ మూసుకుపోయిందో, పిస్టన్ రింగులు అరిగాయో తేల్చుకోవాలి.

మీరు చూసిన ఆయిల్ తడి కూడా ఇక్కడికే దారి తీస్తుంది. పీసీవీ ఆవిరితో కాస్త ఆయిల్ ఇన్‌టేక్ పైపుల్లోకి రావడం మామూలే, కాబట్టి జాయింటు దగ్గర పలుచని తడిని చూసి టర్బో సీల్ పోయిందని తీర్మానించకూడదు. పైగా టర్బో నుంచి ఆయిల్ తిరిగి సంపుకు (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టికి) చేరేది కేవలం గురుత్వాకర్షణతో. పీసీవీ మూసుకుపోయి క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగితే ఆ ఆయిల్ దిగలేక మంచి సీళ్ల గుండా కూడా బయటికి వస్తుంది. అలాంటప్పుడు కొత్త టర్బో వేసినా కారుతుంది. జాయింటును గుడ్డతో శుభ్రంగా తుడిచి, క్లాంపు బిగించి, కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూడండి. బొట్లు కడుతుంటే పైపు విప్పించి, టర్బో షాఫ్ట్‌ను వేలితో కదిపి చూడమనండి. షాఫ్ట్ ఊగి చక్రం రెక్కలు గోడకు తగులుతుంటే అప్పుడు మాత్రమే టర్బో మాట.

పీసీవీ బాగుంటే స్మోక్ టెస్ట్ చేయించండి. చల్లారిన ఇంజిన్‌లోకి అతి తక్కువ ఒత్తిడితో పొగ పంపితే మానిఫోల్డ్ గాస్కెట్ నుంచి గాని, బ్రేక్ బూస్టర్ గొట్టం నుంచి గాని అది సన్నని దారంలా బయటికి వస్తుంది. టర్బోకూ, గాలిని అదుపు చేసే థ్రాటిల్‌కూ మధ్య ఉన్న ఇంటర్‌కూలర్ (గాలిని చల్లబరిచే భాగం) పైపుల్లో లీకు ఈ పొగకు చిక్కకపోవచ్చు. వాటికి కారు మామూలు బూస్ట్‌కు మించకుండా గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లి బుడగలు చూడాలి. కొన్ని షెడ్లలో ఇంజిన్ నడుస్తుండగానే కార్బ్ క్లీనర్ అనే మండే స్ప్రే చల్లి లీకు వెతుకుతారు. టర్బో కారులో దయచేసి దీన్ని ఒప్పుకోకండి. పెట్రోల్ ఇంజిన్‌లో టర్బైన్‌కు చేరే వాయువు భారీ లోడ్‌లో 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోగలదు. ఆ వేడి పీల్చుకున్న లోహం మీద స్ప్రే పడితే మంటలు లేవవచ్చు.

ట్రిమ్ మామూలుగా ఉండి వణుకు మాత్రం పోకపోతే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మిశ్రమం సరిగా మండకపోవడం) కోడ్‌లు చూడండి. పీ0302 వస్తే రెండో సిలిండర్ కాయిల్‌ను (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చే భాగాన్ని) మూడో దానికి మార్చండి. కోడ్ పీ0303 అయితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్‌ను విప్పి చూడాలి.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపేసి అక్కడితో వదిలేయకండి. లాంగ్ టర్మ్ ట్రిమ్ కొత్తగా సర్దుకోవడానికి కొన్ని రోజుల డ్రైవింగ్ పడుతుంది. ఆ తర్వాత ఐడ్లింగ్‌లోనూ 2,500 దగ్గరా అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే లీకు మూసుకున్నట్టే. ఐడ్లింగ్ అంకె మళ్లీ పైకి పాకుతుంటే రెండో లీకు ఉన్నట్టు, స్మోక్ టెస్ట్ మళ్లీ చేయించాలి.