జేమ్స్ లా జీవితం రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

జేమ్స్ లా మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. స్కాట్లండ్‌లో పుట్టిన ఆ పశువైద్యుడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం మొదలైన 1868లోనే అక్కడి తొలి ఆచార్యుల్లో ఒకడు కావడం, 1896లో తరగతులు ప్రారంభించిన న్యూయార్క్ రాష్ట్ర పశువైద్య కళాశాలకు తొలి డీన్‌గా ఉండడం, 1908లో విరమించడం అన్నీ సరిగానే చెప్పావు. అయితే పదవుల వరుస ఎంత చదివినా ఆ మనిషి చేసిన పని పాఠకుడి కళ్ళకు కట్టదు.

ఆయన్ను ముందు పశువుల కొట్టంలో చూపించు. 1879లో న్యూయార్క్ పక్కనున్న బ్లిస్‌విల్‌లో, సారా బట్టీల కుడితి తాగి బతికే పాడి ఆవులను ఆయన పరీక్షించాడు. అంటు ప్లూరోన్యుమోనియా అనే ఊపిరితిత్తుల రోగంతో చచ్చిన ఆవు ఊపిరితిత్తిని కోస్తే, దూదిలా మెత్తగా ఉండవలసినది గట్టిపడి, బరువెక్కి, ముదురెరుపు ముక్కల మధ్య పసుపు చారలతో కనిపిస్తుంది. అప్పట్లో దానికి మందు లేదు. సోకిన పశువులను వధించాలి, మందల రాకపోకలు ఆపాలి. తన బతుకుదెరువును కళ్ళముందే కోల్పోతున్న రైతుకు ఆ మాట చెప్పడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించు. 1892లో ఆ వ్యాధి అమెరికాలో లేకుండా పోయిందని ప్రభుత్వం ప్రకటించింది. లేకుండా పోయిన రోగాన్ని నేటి పాఠకుడు ఊహించుకోలేడు కనుక, ఆ కోసిన ఊపిరితిత్తిని వర్ణించడానికి ఒక పేరా పూర్తిగా కేటాయించు.

ఆ తరువాత శిష్యులు. డేనియల్ సాల్మన్ 1876లో అమెరికాలోకెల్లా తొలి డీవీఎం (పశువైద్యంలో డాక్టర్) పట్టా పొందింది ఆయన దగ్గరే. 1884లో ఏర్పడిన కేంద్ర పశుపరిశ్రమ విభాగానికి తొలి అధిపతి అయ్యాడు. మరో శిష్యుడు కిల్‌బోర్న్, సూక్ష్మజీవి శాస్త్రవేత్త థియోబాల్డ్ స్మిత్‌తో కలిసి, పశువులకు టెక్సాస్ జ్వరం పిడుదుల వల్ల సోకుతుందని 1893లో వెల్లడించాడు. రోనాల్డ్ రాస్ మన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తెలుగు పాఠకుడికి ఆ కాలం దగ్గరవుతుంది.

నువ్వు ఒక్క వాక్యంతో దాటేసిన క్షయ భాగమే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. పశువుల క్షయను ప్రజారోగ్యంతో ముడిపెట్టి లా 1894లోనే రాశాడు. 1901లో లండన్ క్షయ సభలో, క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోఖ్ అంతటివాడు, ఆవు క్షయ మనుషులకు సోకడం చాలా అరుదన్నాడు. బ్రిటిష్ రాయల్ కమిషన్ 1911 నాటికి ఆ మాట తప్పని తేల్చింది. ఇక్కడ కోఖ్‌ను తక్కువ చేయకు. అంత పెద్ద శాస్త్రవేత్త మాట ఎదురుగా ఉన్నప్పుడు పసిపిల్లలు తాగే పాల ద్వారా క్షయ సోకవచ్చని హెచ్చరిస్తూ ఉండడం ఎంత కష్టమో పాఠకుడికి అప్పుడే తెలుస్తుంది.

'మహనీయుడు', 'యుగకర్త' వంటి మాటలన్నీ తీసేసి, ఈ భాగం విస్తరించి ముందుగా అదొక్కటే పంపు.