చైన్ తెగిందా, లాక్ ఊడిందా? కేసు అక్కడే తేలుతుంది

ప్రశ్న: మాది కోడుమూరు దగ్గర పల్లె. రోజూ తెల్లవారుజామున రెండు క్యాన్లలో 40 లీటర్ల పాలు బైకుకు కట్టుకుని కర్నూలు వచ్చి ఇళ్లకు పోస్తాను. చైన్ సాగి చప్పుడు వస్తుంటే, పదేళ్లుగా తెలిసిన మెకానిక్ ‘చైన్ స్ప్రాకెట్ (పళ్ల చక్రం) సెట్ మొత్తం మార్చాలి, ఒరిజినలే వేస్తా’ అన్నాడు. సెట్‌కు 1,650, కూలి 250, మొత్తం 1,900 రూపాయలు ఫోన్‌పే చేశాను. బిల్లు ఇవ్వలేదు. మూడు నెలలకే, నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగకముందే, దారిలో చైన్ ఊడి వెనక చక్రానికి చుట్టుకుంది. కింద పడి కుడి మణికట్టు విరిగింది. 26 రోజులు పని లేదు. అడిగితే ‘చైన్‌కు గ్యారంటీ ఉండదన్నా, నువ్వే లోడు ఎక్కువేశావు’ అన్నాడు. ఇప్పుడేమో ఆ చైన్ తెచ్చిస్తే కొత్తది ఊరికే వేస్తానని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇచ్చేయమంటారా? 1,900 కోసం కోర్టు చుట్టూ తిరగగలనా? ఇది జరిగి ఐదు నెలలైంది. బండి ఇంకా మూలనే ఉంది.
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ఆ చైన్ ఎవరికీ ఇవ్వకండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం. మీ దగ్గర బిల్లు లేదు, సాక్షి లేడు. ఉన్న అసలు సాక్ష్యం ఆ చైనే. అది ఆయన చేతికి వెళ్లిందంటే రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ మాట, ఆయన మాట మాత్రమే మిగులుతాయి. కిరోసిన్‌తో కడగొద్దు, ఆయిల్ వేయొద్దు. దుమ్ముతో సహా ఒక మందపాటి కవర్లో వేసి, మూతికి టేపు చుట్టి, తేదీ రాసి, ఇద్దరు తెలిసినవాళ్లతో సంతకం పెట్టించండి. వాయిస్ మెసేజ్‌ను ఫోన్‌లో చెరపకండి. చైన్ వేసింది తానేనని ఆయన అందులో స్వయంగా ఒప్పుకున్నట్టే కదా.

మీరు పంపిన ఫొటోలు చాలాసేపు చూశాను. చైన్‌లో పట్టీ ఎక్కడా చిట్లలేదు, పిన్ను ఎక్కడా విరగలేదు. ఒక చివర, చైన్ రెండు కొసలను కలిపే రెండు పిన్నుల లాక్ ముక్క వేలాడుతోంది. దాని మీద ఉండాల్సిన పై ప్లేటూ లేదు, క్లిప్పూ లేదు. ఆ క్లిప్ చిన్న చేపలా ఉంటుంది. చైన్ ఎటు పరుగెడుతుందో చేప తల అటు ఉండాలి, చీలిన తోక వెనక ఉండాలి. తిరగేసి వేసినా, సరిగ్గా గాడిలో కూర్చోకపోయినా దేనికైనా తగిలినప్పుడు అది జారిపోతుంది, వెంటనే ప్లేటు ఊడుతుంది. అంటే మీ చైన్ తెగినట్టు కనపడటం లేదు, లాక్ ఊడినట్టు కనపడుతోంది.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. చైన్ తెగితే అది ముఖ్యంగా సరుకులో లోపం. లాక్ ఊడితే అది బిగించిన పనిలో లోపం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 మొదటిదాన్ని సెక్షన్ 2(10)లో, రెండోదాన్ని సేవాలోపంగా సెక్షన్ 2(11)లో చెబుతుంది. ‘చైన్‌కు గ్యారంటీ లేదు’ అన్న మాట సరుకు గురించి. కూలి తీసుకుని చేసిన పని జాగ్రత్తగా చేయాల్సిన బాధ్యత ఆ మాటతో పోదు. చైన్, స్ప్రాకెట్ అరిగిపోయే సామాన్లే, నిజమే. కానీ మామూలుగా 15,000 కిలోమీటర్లు దాటి నడిచే సెట్ నాలుగు వేలకే ఊడిపోతే దాన్ని అరుగుదల అనరు. క్లిప్ నాసిరకమై విరిగి ఉండవచ్చు కూడా. అందుకే ఫిర్యాదులో రెండూ రాయండి.

నేను వకీలునే తప్ప మెకానిక్‌ను కాను. ఫొటో చూసి నేను చెప్పింది కమిషన్‌లో చెల్లదు. మీ బైకు కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, కవర్ వాళ్ల ముందే విప్పి చూపించి రెండు విషయాలు కాగితం మీద రాసివ్వమని అడగండి: ఇది కంపెనీ ఒరిజినలా కాదా, లాక్ ఎందుకు ఊడి ఉండవచ్చు. తర్వాత మళ్లీ టేపు వేసి సంతకాలు పెట్టించండి. పరీక్ష చేస్తే తప్ప సరుకు లోపం తేలదనుకుంటే కమిషనే సెక్షన్ 38 కింద శాంపిల్‌ను సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. ఆ పరీక్ష ఫీజు ముందు మీరే కట్టాల్సి రావచ్చు.

ఇక లోడు సంగతి. అవతలి వకీలు గట్టిగా పట్టుకునేది దీన్నే. ఉత్పత్తిని తప్పుగా వాడితే అమ్మినవాడికి బాధ్యత ఉండదని సెక్షన్ 87 చెబుతుంది. కానీ 40 లీటర్ల పాలు 41 కిలోల చిల్లర. క్యాన్ల బరువు కలిపినా వెనక సీట్లో ఒక పెద్దమనిషి కూర్చున్నంత ఉండదు. ఇద్దరు ఎక్కడానికే తయారైన బండి అది. ఈ లెక్క ఫిర్యాదులోనే రాయండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. చైన్‌కు ఆయిల్ ఎప్పుడెప్పుడు వేశారు, ఎన్నిసార్లు టైట్ చేయించారు అని కూడా అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయిల్ వేయకపోతే చైన్ త్వరగా అరుగుతుంది, సాగుతుంది. ఫొటోలో కనిపిస్తున్నది ఆ రకం అరుగుదల కాదు.

‘పాల వ్యాపారానికి వాడే బండి కాబట్టి నువ్వు వినియోగదారుడివే కావు’ అని మరో అభ్యంతరం రావచ్చు. దీనికి టెన్షన్ పడకండి. సెక్షన్ 2(7) వివరణలోనే స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం వాడుకునేది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని స్పష్టంగా ఉంది. బండి తోలేది మీరే, పాలు పోసేది మీరే.

బిల్లు లేకపోవడం మీ తప్పు కాదు. సామాను అమ్మి, పని చేసి బిల్లు ఇవ్వకపోవడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఫోన్‌పే స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి. చైన్ ఏ షాపులో కొన్నాడో, ఏ కంపెనీదో నోటీసులోనే మెకానిక్‌ను అడగండి. తయారుచేసినవారు ఎవరో తెలియకపోతేనూ, బిగించడంలో, చూసుకోవడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోతేనూ అమ్మినవాడే నష్టానికి బాధ్యుడని సెక్షన్ 86లో ఉంది. పేరు చెబితే ఆ స్పేర్ పార్టుల షాపును కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. నిజానికి మీ మెకానిక్ కూడా డూప్లికేట్ సరుకు కొని మోసపోయి ఉండవచ్చు. అందుకే ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని నేను చెప్పను. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు నిలవాలంటే మొదటి నుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. పని సరిగ్గా చేయకపోవడం ఒక్కటే దానికి సరిపోదు.

1,900 కోసం ఎవరు తిరుగుతారన్నారు. మీకు జరిగిన నష్టం 1,900 కాదు. మీరు విడిగా రాసి పంపిన లెక్కే చూడండి: సెట్, కూలి 1,900, మందులు, కట్టు 3,800, హ్యాండిల్, ఇండికేటర్ రిపేరు 1,100, రోజుకు 450 చొప్పున 26 రోజులు 11,700. మొత్తం 18,500. దీనిపై వడ్డీ, శారీరక, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు అడగవచ్చు. లక్షలు వస్తాయని మీకు ఆశ పెట్టను. ఆసుపత్రి చీటీ, ఎక్స్‌రే, మందుల బిల్లులు, పాలు పోసే ఇళ్ల లెక్కల పుస్తకం ఉంటేనే ఈ అంకెలు నిలుస్తాయి. ఓపీ చీటీలో ‘బైకు మీద నుంచి పడి’ అని రాసి ఉందేమో చూసుకోండి. ఆ ఒక్క వాక్యం చాలా పనికొస్తుంది.

ఖర్చుకు భయపడకండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మీరుండే జిల్లాలోనే వేసుకునే హక్కు ఉంది కాబట్టి పాలు పోయడానికి వచ్చే కర్నూలులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. గడువు రెండేళ్లు, మీకింకా 19 నెలలున్నాయి. అయినా ఆలస్యం చేయొద్దు, ఫోన్లు మారతాయి, మెసేజ్‌లు పోతాయి. మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది.

అంతకన్నా ముందు 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. చట్టం ప్రకారం నోటీసు తప్పనిసరి కాదు. కానీ పదేళ్ల పరిచయం ఉన్న మనిషి, కాగితం చూశాక దారికి రావచ్చు. వస్తే డబ్బు ఎంత, దేనికి అన్నది రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ రాజీ కాగితం చేతికొచ్చాకే చైన్ ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసినా రాజీకి ప్రయత్నిస్తారు.

బండి మూలన పెట్టి ఉంచాల్సిన అవసరం లేదు, మీ కడుపు నిండేది దానితోనే. ఆథరైజ్డ్ సెంటర్‌లో వెనక చక్రం, స్ప్రాకెట్ అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయించి, కొత్త సెట్ అక్కడే వేయించుకోండి, బిల్లు తీసుకోండి. ఇంజిన్ ఎడమ పక్క కవర్ విప్పేటప్పుడు మాత్రం మీరు పక్కనే నిలబడండి. సెట్ అంటే చైన్, వెనక పెద్ద స్ప్రాకెట్, ఇంజిన్ దగ్గర చిన్న స్ప్రాకెట్, మూడూ. ఆ కవర్ విప్పడం ఎందుకని కొందరు చిన్నదాన్ని పాతదే ఉంచేస్తారు. వెనక చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి అది దాదాపు మూడు చుట్లు తిరుగుతుంది కాబట్టి దాని పళ్లే ముందు అరుగుతాయి. మూడు నెలలే తిరిగిన చిన్న స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉన్నాయంటే, మీరు సెట్‌కు డబ్బు కట్టారు, ఆయన సెట్ వేయలేదు. అలా ఉంటే విప్పకముందే ఒక ఫొటో తీసి, ఆ స్ప్రాకెట్‌ను అడిగి తీసుకుని చైన్ ఉన్న కవర్లోనే వేయండి.