రంగం దారి: ఒక యువ రచయిత్రికి ఉత్తరం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండో ప్రపంచ యుద్ధం మీద ఓపిగ్గా అన్ని పేజీలు రాశావు, వాక్యం బాగా నడుస్తుంది. కానీ మూడో పేజీలో "ఈ మహాయుద్ధం మన తెలుగు నేలను తాకలేదు" అన్నచోట ఆగిపోయాను. ఆ పూటకి ఇంక చదవబుద్ధి కాలేదు. ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నవాళ్లు రాస్తే ఊరుకునేవాణ్ణి. నీది సోంపేట పక్క ఊరు. పైగా వ్యాసంతో పాటు పెట్టిన ఉత్తరం చివర్న నువ్వే రాశావు, మీ ముత్తాత రంగం, అదే బర్మాలోని రంగూన్, వెళ్లి యుద్ధంలో మళ్లీ ఇంటికి రాలేదట, ఆయన ఫొటో కూడా ఇంట్లో లేదట. ఆ ఒక్క ముక్క చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అది ఉత్తరంలో ఉండి, వ్యాసంలో ఎందుకు లేదమ్మా?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పేలని బాంబు ఒకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, వెళ్లి చూడు. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. ఇది ఎవరైనా రాస్తారు. మీ ముత్తాత నడిచిన దారి ఎవరు రాస్తారు?

శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఎన్ని ఊళ్లు రంగూన్ రేవు మీద బతికాయో నీకు తెలియంది కాదు. కాకినాడలోనో కళింగపట్నంలోనో ఓడెక్కి, కూలీల్ని కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో, కలప కోత మిల్లుల్లో చేశారు. మన కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు వాళ్లని కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన గొడవల్లో మనవాళ్లని వీధుల్లో నరికారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే.

1941 డిసెంబర్ 23న ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి. అంతకు ముందు ఎప్పుడూ చూడని వింత కాబట్టి జనం వీధుల్లో నిలబడి తలెత్తి విమానాలు చూస్తూ చచ్చిపోయారు. రేవు కూలీలు కాలినడకన ఉత్తరాన ప్రోమ్ అనే ఊరి వైపు పారిపోతే, ఓడలు దించేవాళ్లు ఉండరని వాళ్లని వెనక్కి రప్పించడానికి దొరలు నానా తంటాలు పడ్డారు. 1942 మార్చి 8 నాటికి రంగూన్ జపాన్ చేతికి పోయింది. కొందరు కొండలు దాటి తౌంగుప్ మీదుగా అక్యాబ్, చిట్టగాంగ్ వైపు, కొందరు టాము మీదుగా ఇంఫాల్ వైపు, ఇంకొందరు ఉత్తరాన హుకాంగ్ లోయలోంచి నడిచారు. మొత్తం మీద ఐదు లక్షల మంది దాకా బర్మా వదిలారని అంచనా. దారిలో పోయినవాళ్లు పదివేలల్లో ఉంటారు, సరైన లెక్క ఎవరూ తీయలేదు. ఇంఫాల్ దారిలో తెల్లవాళ్లకి ఒక బాట, మనవాళ్లకి ఒక బాట అని మన దేశంలో అప్పుడే పెద్ద గొడవైంది.

నా పట్టుదల ఒకటుంది, దీని మీద చాలామందితో తగువు పడ్డాను. యుద్ధంలో ఏ చావూ దానంతట అది రాదు. దాని వెనక ఒక ఆర్డరు ఉంటుంది, ఒక సంతకం ఉంటుంది. నువ్వు 1943 బెంగాల్ గురించి "యుద్ధం వల్ల కరువు వచ్చి 30 లక్షల మంది మరణించారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. బర్మా బియ్యం ఆగిపోయింది, నిజమే. కానీ జపాన్ వాళ్లకి దొరక్కూడదని 1942లో తీర జిల్లాల్లో పది మందికి పైగా పట్టే పడవలన్నీ సర్కారు లాక్కుంది. పడవ పోయాక చేపలు పట్టేవాడు ఏం తింటాడు? ధాన్యం ఏ నీటి మీద కదులుతుంది? మేదినీపూర్, బాకర్‌గంజ్, ఖుల్నాల నుంచి బియ్యం ఎత్తుకుపోయారు. ఇవన్నీ మనుషులు బల్ల దగ్గర కూర్చుని తీసుకున్న నిర్ణయాలు. అవి రాయకుండా 30 లక్షలు అని అంకె వేస్తే, తుపానులో పోయిన పశువుల లెక్కలా ఉంటుంది.

నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు శ్రీకాకుళం వైపు ఊళ్లు తిరిగి రంగం నుంచి నడిచొచ్చిన ముసలివాళ్లని పట్టుకున్నాను. ఒకాయన చేతికర్రతో ముంగిట్లో గీత గీసి ప్రోమ్ ఇక్కడ, ఏరు ఇక్కడ, కొండ ఇక్కడ అని చూపించాడు. కొండ మీద తాగే నీళ్లకి కూడా డబ్బులు తీసుకున్నారట. తమ్ముడికి కలరా తగిలితే చెట్టుకి ఆనించి కూర్చోబెట్టి, చేతిలో ఉన్న సత్తు డేగిసా వాడి పక్కన పెట్టి వచ్చేశాడు. తమ్ముడి సంగతి అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ డేగిసా గురించి మాత్రం, ఎక్కడ కొన్నాడో, అడుగున ఎక్కడ సొట్ట ఉందో, అరగంట చెప్పాడు.

అది తీసుకెళ్లి ఒక వారపత్రికకి ఇచ్చాను. ఎడిటర్ గారు ముసలాయన మాటలన్నీ కొట్టేసి, జనరళ్ల పేర్లు నాలుగు ఇరికించి, పైన ట్యాంకు బొమ్మ వేశారు. "పాఠకుడికి హీరో కావాలండీ" అన్నారు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఇవాళ్టి ఫ్యాషన్ ఇంకొకటి, చరిత్ర ఏదైనా సినిమా ఓపెనింగ్ సీన్‌లా మొదలుపెట్టాలి. నువ్వూ హిట్లర్ బంకర్‌తో మొదలుపెట్టి పేజీలకి పేజీలు ఆయన ఆఖరి రోజులకి ఇచ్చావు. అవన్నీ తీసెయ్.

ఇంకో లోటు. నీ వ్యాసం 1945 సెప్టెంబర్ 2న జపాన్ సంతకంతో ముగిసిపోయింది. మనవాళ్లకి అక్కడ ముగియలేదు. యుద్ధం అయ్యాక చాలామంది తిరిగి రంగం వెళ్లారు, అన్నం అక్కడే ఉంది కాబట్టి. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది, 1962లో జనరల్ నే విన్ నాయకత్వంలో సైన్యం గద్దెనెక్కింది, దుకాణాలు జాతీయం చేసింది, 1964లో పెద్ద నోట్లు రద్దు చేసింది. మళ్లీ ఓడలు, ఈసారి ఖాళీ చేతులతో. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అని ఇప్పటికీ అంటారు కదా, ఆ పేరు అలా వచ్చిందే. ఒక యుద్ధం వేరు తెంపితే రెండు తరాల దాకా మనుషులు నిలదొక్కుకోలేదు. ఇది నీ వ్యాసంలో సగం ఉండాలి.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకంగా వేయొచ్చా అని అడిగావు. ఆ సంగతులు తర్వాత.

ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లని అడుగు. మీ ముత్తాత ఏ మేస్త్రీ కింద వెళ్లాడు, ఏ మిల్లులో చేశాడు, ఊళ్లో ఇంకా ఎవరెవరు వెళ్లారు, వాళ్లలో తిరిగొచ్చినవాళ్లు ఆయన్ని ఆఖరిసారి ఎక్కడ చూశామన్నారు. ప్రోమ్ దగ్గరా, తౌంగుప్ కొండ మీదా, టాము దగ్గరా. మీ ముత్తవ్వ అప్పు ఎవరికి తీర్చిందో కూడా అడుగు, మనిషి పోయినా మేస్త్రీ అప్పు పోదు కదా. మాట మాటగా రాసుకో, నీ భాషలోకి మార్చకు. అది నాకు పంపు. ఫోన్‌లో చదవలేను, కాగితం మీద కాస్త పెద్ద అక్షరాలతో రాయి.