మా బాబు కొత్త భాష రాస్తున్నాడు

ప్రశ్న: మా బాబు ఇంటర్ సెకండియర్. లాంగ్ నోట్‌బుక్ నిండా తను కనిపెట్టిన భాషే రాసుకుంటున్నాడు. మాటలు, లిపి, వ్యాకరణం అన్నీ సొంతమేనట. పరీక్షల ముందు ఇదేంటని టెన్షన్‌గా ఉంది. ఇంకెవరికైనా ఇలాంటి పిచ్చి ఉంటుందా?
– ఒక తల్లి, కాజీపేట

జవాబు: అమ్మా, ముందుగా ఒక్కటి చెప్తాను. ఆ నోట్‌బుక్ పారేయకండి.

పరకాలలో నా చిన్నప్పుడు మా అక్కా నేనూ క-భాష మాట్లాడుకునేవాళ్లం. ‘నువ్వు రా’ అనాలంటే ‘కనుకవ్వు కరా’. అమ్మకు అర్థం కాకూడదు, అంతే. మాటలు మాత్రం తెలుగువే. మీ బాబు మాటల్నే పుట్టిస్తున్నాడు, అది చాలా పెద్ద పని. 12వ శతాబ్దంలోనే జర్మనీలో హిల్డెగార్డ్ అనే సన్యాసిని వెయ్యికి పైగా కొత్త మాటలు, వాటికో లిపి కల్పించింది.

నాకు బాగా ఇష్టమైనవాడు జామెన్‌హోఫ్. 1859లో బియాలిస్టోక్‌లో పుట్టాడు. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. హన్మకొండ చౌరస్తాలో తెలుగు, ఉర్దూ, లంబాడీ వినబడినట్టే అక్కడ రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ వినబడేవి. కానీ అక్కడ భాషకో వర్గం, ఒకరంటే ఒకరికి పడదు. అది చూసి బాధపడ్డ పిల్లవాడు అందరికీ కలిపి ఒక భాష కట్టడం మొదలుపెట్టాడు. 1878లో, అంటే దాదాపు మీవాడి వయసులోనే, దాని తొలి రూపాన్ని స్నేహితులకు చూపించాడు. తర్వాత కళ్ల డాక్టరయ్యాడు. 1887లో వార్సాలో పుస్తకం వేశాడు. వ్యాకరణం 16 సూత్రాలే. ‘బోనా’ అంటే మంచి, ముందు ‘మాల్’ చేరిస్తే ‘మాల్‌బోనా’, చెడ్డ. అదే ఎస్పెరాంటో.

అంతకుముందే ష్లేయర్ అనే జర్మన్ ఫాదర్ వోలాపుక్ చేశాడు. సభలు జరిగాయి, వేలమంది నేర్చుకున్నారు. మార్పులు చేద్దామని వాళ్లు అడిగితే, చివరి మాట తనదేనని పట్టుబట్టాడు. గొడవలొచ్చి భాష చితికిపోయింది. జామెన్‌హోఫ్ మాత్రం మొదటి పుస్తకంలోనే నాకు హక్కులేమీ వద్దని రాసిచ్చాడు. అందుకే ఎస్పెరాంటో ఇప్పటికీ బతికి ఉందని నా నమ్మకం.

భాష ఒక్కడి చేతిలోనే ఉంటే నిలవదు, కాబట్టి మీవాడికీ ఓ తోడు కావాలి. పరీక్షలయ్యేదాకా రోజుకో అరగంట అని మాట్లాడుకోండి. ఆ అరగంటలో మీరూ పక్కన కూర్చోండి. మనకు ‘మనం’ వేరు, ‘మేము’ వేరు కదా. ఇంగ్లీషులోనూ ఎస్పెరాంటోలోనూ రెండింటికీ ఒకే మాట. మరి తన భాషలో ఎన్ని పెట్టాడో అడగండి.