డ్రైవర్ మీద అంకె చిన్నదైతే గొప్పా?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటుంటానండి, వయసు 54. వైజాగ్‌లో ఉండే మా బావ వల్ల గోల్ఫ్ పిచ్చి పట్టుకుంది. ఇక్కడ కోర్సు లేదు కాబట్టి గట్టు మీద నెట్ కట్టుకుని కొట్టుకుంటాను, వీలైనప్పుడు వైజాగ్ వెళ్లి ఆడతాను. బంతి ఎత్తుకి లేవదు, పైగా కుడికి తిరిగిపోతుంది. 12 డిగ్రీల డ్రైవర్ (బంతిని అన్నిటికంటే దూరం పంపే గోల్ఫ్ క్లబ్, అంటే కర్ర) కొందామంటే బావ "అది ఆడాళ్లు కొట్టేది, పరువు తీయకు బావా, నాలాగా 9 కొను" అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: 12 కొనండి. మనసొప్పకపోతే 10.5, అంతకంటే కిందకి మాత్రం దిగొద్దు. ఆ అంకె చెప్పేది లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం.

మీ బావగారి వెటకారం సంగతి ముందు తేల్చేద్దాం. అమెరికాలో ఎల్‌పీజీఏ టూర్ ఆడే మహిళలు సగటున గంటకు 94 మైళ్ల వేగంతో డ్రైవర్ తిప్పి, బంతిని గాల్లోనే 218 గజాల వరకూ పంపుతారని షాట్లు కొలిచే మిషన్లు చేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ ప్రచురించిన లెక్కలున్నాయి. ఆయన 9 డిగ్రీల డ్రైవర్‌తో గాల్లో అంత దూరం పంపుతున్నారేమో ఒకసారి అడగండి, దొర్లింది కలపకుండా.

పురుషుల పీజీఏ టూర్ వాళ్లు తక్కువ లాఫ్ట్ వాడుతున్నారంటే వాళ్ల వేగం 113 మైళ్లు, ఆపైన. ఆ వేగంలో బంతి 11 డిగ్రీల కోణంలో లేచినా చాలు, దూరం అదే వెళ్తుంది. మన వేగం 85, 90 దగ్గర ఉంటే బంతి 14 డిగ్రీలో, ఇంకాస్త ఎక్కువో లేస్తే తప్ప గాల్లో నిలవదు, అందులోనూ మనలో చాలామంది డ్రైవర్‌ని కూడా ఐరన్ (నేల మీది బంతిని కొట్టే ఇనుప క్లబ్) కొట్టినట్టు పైనుంచి కిందకి దింపి కొడతారు కాబట్టి ఉన్న లాఫ్ట్‌లో కొంత అక్కడే పోతుంది, ఇక 9 డిగ్రీలతో బంతి పది డిగ్రీలు కూడా లేవక, పైకి మోసేంత స్పిన్ లేక, తొందరగా నేలకి దిగిపోతుంది. ఎండాకాలం ఫెయిర్‌వే (బంతి పడాల్సిన పచ్చిక దారి) గట్టిగా ఉంటే దొర్లి కొంత కలిసొస్తుంది కాబట్టి ఇది తెలీదు. వానలు పడి నేల మెత్తబడ్డాక చూడండి, పడ్డచోటే కూర్చుంటుంది.

మిషన్ లేకుండా వేగం తెలుసుకోవాలంటే సుమారు లెక్క ఒకటుంది. గాలి లేని రోజున మీ మంచి షాట్ గాల్లో 180, 190 గజాల దగ్గర పడుతుంటే మీది 85 మైళ్ల కిందా మీదా అనుకోండి, 12 మీకోసమే. 220 దాటుతుంటే 10.5 చూడొచ్చు. కొనేముందు లాంచ్ మానిటర్ (బంతి వేగం, లేచే కోణం కొలిచే మిషన్) ఉన్నచోట రెండూ కొట్టి చూడగలిగితే ఈ లెక్కలతో పనే లేదు, ఎందుకంటే క్లబ్ మీద రాసిన అంకెకీ అసలు లాఫ్ట్‌కీ ఒక డిగ్రీ దాకా తేడా రావడం మామూలే.

కుడికి తిరగడానికి మూలం లాఫ్ట్ కాదు, స్వింగ్‌లో క్లబ్ వెళ్లే దారికి దాని ముఖం తెరుచుకుని (కుడిచేతి వాళ్లకి కుడివైపు చూస్తూ) ఉండటం. అయితే లాఫ్ట్ పెరిగితే వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, దాంతో అదే తప్పు కొట్టినా బంతి పక్కకి ఒరిగేది తగ్గుతుంది. జబ్బు పోదు గానీ నొప్పి తగ్గుతుంది.

ఇంకోటి, డబ్బు పెట్టేముందు క్లబ్ ముఖానికి కాస్త టాల్కమ్ పౌడర్ రాసి కొట్టి చూడండి. మచ్చ కింది అంచు దగ్గర పడుతుంటే బంతి లేవకపోవడానికి కారణం అదే కావచ్చు. టీ (బంతిని నిలబెట్టే పుల్ల) ఎత్తు పెంచండి, బంతిలో సగం డ్రైవర్ తలకి పైన కనపడాలి.

ప్రశ్న: నాది లాఫ్ట్ మార్చుకునే డ్రైవర్. 9 నుంచి 11కి తిప్పేస్తే కొత్తది కొనక్కర్లేదు కదా? (అమలాపురం)

జవాబు: తిప్పొచ్చు, కానీ అది లాఫ్ట్ ఒక్కటే మార్చదు. పైకి తిప్పితే కుడిచేతి వాళ్లకి క్లబ్ ముఖం కాస్త ఎడమకి మూసుకుంటుంది, కిందకి తిప్పితే తెరుచుకుంటుంది. స్లైస్ (కుడికి తిరిగిపోయే షాట్) కొట్టేవాళ్లకి పైకి తిప్పడమే కావాలి. మీది ఇప్పటికే ఎడమకి వంగే షాట్ అయితే మాత్రం ఇబ్బంది పడతారు, అసలు లాఫ్ట్ ఎక్కువున్న హెడ్ తీసుకోవడమే నయం. తిప్పేది ఇంట్లోనే తిప్పుకోండి. రౌండ్ మధ్యలో కావాలని మార్చి ఆ క్లబ్‌తో షాట్ కొడితే డిస్‌క్వాలిఫై చేస్తారు.

ప్రశ్న: సముద్రపు గాలికి ఎదురు కొట్టేటప్పుడు తక్కువ లాఫ్ట్ డ్రైవర్ ఇంకోటి ఉంటే మంచిదా? (కాకినాడ)

జవాబు: ఎందుకండీ, నియమం ప్రకారం సంచిలో పెట్టుకోనిచ్చేవే 14 క్లబ్బులు. టీ కొంచెం తగ్గించి, బలం పెట్టకుండా నిదానంగా కొట్టండి. మరీ గట్టి గాలైతే 3 వుడ్ (డ్రైవర్ కంటే కాస్త చిన్న క్లబ్) తీయండి.